గుణ్

సిరొంచా సేతు కేంద్రంలో
నాకంటే ముందు ఏడుగురు.
ఆదాయం సర్టిఫికెట్లు, పంట బీమా,
ఒకాయన చేతిలో చచ్చిపోయిన ఎద్దు ఫొటో.
నెట్టు వస్తుంది, పోతుంది,
అంతా ప్రాణహిత అవతలి టవరు దయ.
అరగంటకోసారి నా ఫోను
"తెలంగాణకు స్వాగతం" అంటుంది.
నేను కుర్చీలోంచి లేవనే లేదు.

నాగుల్‌వార్ భావూవి కీబోర్డు మీద రెండే వేళ్లు.
పేరు? జాడి వనిత.
వయసు? ఇరవై ఆరు.
అక్కడ ఒకసారి తలెత్తి చూశాడు.
డిగ్రీ? బీఎస్సీ.
గుణ్ కితీ?
నలభై ఆరు పాయింట్ రెండు.
"అరవై ఆరా?"
"నలభై."
ఎద్దు ఫొటో ఆయన కూడా
స్క్రీను వైపు కొంచెం జరిగాడు.

మరాఠీలో మార్కుల్ని గుణ్ అంటారు.
బడిలో పన్నెండేళ్లు ఆ మాట రాసి
ఇంటికొచ్చి తెలుగులో అన్నం తిన్నాను.
మా ఇంట్లో గుణం వేరే.
గోలీ మింగిన మూడో పూటకి
ఒళ్లు చల్లబడితే నాయనమ్మ
"గుణమిచ్చింది బిడ్డా" అనేది.
మనిషి మంచిదైతే అదీ గుణమే,
ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఆ నలభై ఆరు ఎట్లా వచ్చిందో
రాయడానికి ఫారంలో గడి లేదు.
ఉంటే ఏం రాసేదాన్నో కూడా తెలీదు.
మొదటి ఏడు నిజంగానే చదవలేదు.
అహేరిలో హాస్టలు, కొత్త స్నేహాలు,
బస్టాండు ముందు చెరుకురసం బండి.
తప్పు నాదే,
దానికి వరదను అడ్డం పెట్టను.

రెండో ఏడు ఊరి కాలేజీకి మారి
సర్కారు దవాఖానా ల్యాబులో
రోజుకూలీకి కుదిరాను.
శ్రావణం వస్తే రోజుకు అరవై స్లైడులు.
నెత్తుటి చుక్క, నీలం రంగు, నూనె బొట్టు,
ఆ పైన నా కుడికన్ను.
ఒక రాత్రి పదకొండున్నరకి
జింగానూర్ నుంచి ఒకాయన బండి మీద వచ్చాడు,
కూతుర్ని తువ్వాలతో వీపుకు కట్టుకుని.
పిల్ల నెత్తుట్లో సన్నటి ఉంగరాలు,
ఒక్కో కణంలో రెండేసి.
డాక్టరుకి గడ్చిరోలిలో మీటింగు.
ఆయన ఫోన్లో చెప్తుంటే నర్సమ్మ సూది వేసింది,
కరెంటు లేదు, టార్చి నేను పట్టుకున్నాను.

తెల్లారితే నా పరీక్ష, పరాన్నజీవులు.
మూడో ప్రశ్న ఆ ఉంగరాల బతుకు గురించే.
పటము గీసి భాగములు గుర్తింపుము.
గీశాను, బాగా గీశాను.
ఇంగ్లీషు పేర్ల దగ్గరకొచ్చేసరికి
అక్షరాలు నిద్రలో ఒకదాని మీదొకటి పడ్డాయి.
ఎనభైకి ఇరవై తొమ్మిది.
మూడో రోజు పిల్ల గంజి అడిగింది.
వాళ్ల నాయన మాడియాలో ఏదో అన్నాడు.
నాకా భాష రాదు,
ఏమన్నాడో మాత్రం తెలిసింది.

"నలభై ఏడు కొట్టనా?" అన్నాడు భావూ,
మంచి మనసుతోనే.
"వద్దు, ఉన్నదే కొట్టు."
పోయినసారి ఎంట్రన్సులో
పదకొండు మార్కులతో పోయింది సీటు.
ఈసారీ పోవచ్చు.
మళ్లీ రాస్తానో లేదో
ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

రసీదు చేతికిచ్చి షట్టరు సగం దించి,
"రెండు రోజులుగా పొద్దుగూకితే వణుకు,
ఓసారి చూస్తావా?" అన్నాడు.
ల్యాబు రెండు సందుల అవతలే.
ఎడమ చెయ్యి, ఉంగరపు వేలు.
సూది చూసి కళ్లు మూసుకున్నాడు,
ఇందాక నేను సబ్‌మిట్ నొక్కేటప్పుడు మూసుకున్నట్టే.

నలభై చిల్లర చోట్ల చూశాను.
ఉంగరం కనపడలేదు.
"ఏం లేదు కదా? లేదని రాసెయ్,
ఇంటికి పోతా."
లేదు అని రాయాలంటే
వంద చోట్ల చూడాలి.
కూర్చో భావూ,
ఇంకా చూస్తున్నా.